రేవులో అనరాని మాట

"పిగ్" అన్నాడు ముసలాయన.

రేవులో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

పడవను నీళ్లలోకి నెడుతున్న జేబెజ్ ఉన్నచోటే ఆగిపోయాడు. అతని తమ్ముడు ఆమోస్ గబుక్కున వంగి లంగరు పట్టుకున్నాడు. మిగతావాళ్లు తలా ఒక ఇనుపముక్క వెతుక్కుని తాకారు. ఇనుము ముట్టుకుంటే దోషం పోతుందని నమ్మకం.

ఇంగ్లండు తూర్పు తీరంలో ఉన్న ఈ హాల్బీ రేవులో ఆ జంతువు పేరు ఎవరూ ఎత్తరు. మనవైపు చీకటి పడ్డాక పామును పురుగు అన్నట్టు, ఇక్కడ దాన్ని చుట్టతోకది అంటారు, గుర్రుగాడు అంటారు, మరీ మర్యాదస్తులైతే 'ఆ పెద్దమనిషి' అంటారు. అసలు పేరు చెవినపడిన రోజు సముద్రంలోకి వెళ్లిన పడవ తిరిగి రాదు. పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

"నోరా, మురిక్కాలవా అది?" అని అరిచాడు జేబెజ్.

నల్లకోటు, పట్నపు టోపీ. తెల్లవారినప్పటి నుంచీ ఆ ముసలాయన రేవులోనే నిలబడి ఉన్నాడు. ఇంతకుముందే ఒకసారి దగ్గరికొచ్చి, "ఇవాళ వెళ్లకండి నాయనా, ఆకాశం నాకు నచ్చలేదు" అన్నాడు.

సముద్రం చూస్తే అద్దంలా ఉంది.

"కోటేసుకున్న దొరగారు మనకు సముద్రం నేర్పుతున్నార్రోయ్!" అని ఆమోస్ అంటే అందరూ పగలబడి నవ్వారు.

నవ్వారు గానీ, జేబెజ్‌కు ఆ రోజు వెళ్లక తప్పదు. రెండు వారాలుగా పాడుగాలి. ఇంట్లో పిల్లలు ఉత్త బంగాళాదుంపలు తిని తిని మొహం మొత్తి ఏడుస్తున్నారు. భార్య కెజియా ఆల్చిప్పలు ఒలిచి గాలాలన్నిటికీ ఎర గుచ్చింది. ఆమె వేళ్లనిండా కోతలే. ఇవాళ వెళ్లకపోతే ఆ ఎరంతా కుళ్లిపోతుంది.

"పోనీలే అన్నా, తెలీక అన్నాడు. ఇనుము ముట్టుకున్నాంగా, పద" అన్నాడు ఆమోస్.

పడవ మళ్లీ కదిలింది.

"హాగ్" అన్నాడు ముసలాయన.

"ఒరే ముసలోడా!"

మళ్లీ అందరూ ఇనుము కోసం పరుగెత్తారు.

"ఒక్క జంతువుకు ఇన్ని పేర్లు పెట్టినవాడెవడో, వాడి నాలుక కొయ్యాలి" అని పళ్లు నూరాడు ఆమోస్.

"నీకు దణ్ణం పెడతాను పెద్దాయనా, ఇక నోరు మూసుకో" అంది ఎర బుట్టతో వచ్చిన కెజియా.

దణ్ణం పెట్టిన ఆ వేళ్లను చూసి ముసలాయన మొహం చిన్నబోయింది. అయినా ఊరుకోలేదు.

"స్వైన్."

మూడోసారి. ఇక ఏ ఇనుమూ కాపాడదు.

జేబెజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పిడికిలి బిగించి ఒక్కటిచ్చాడు. ముసలాయన తడిరాళ్ల మీద పడ్డాడు. పెదవి చిట్లింది. అయ్యో అన్నవాడు లేడు.

"కావాలనే అన్నావు కదూ? నా పిల్లల నోటికాడ కూడు లాగేసి ఏం బావుకున్నావు?"

ముసలాయన కోటు చేత్తో నెత్తురు తుడుచుకున్నాడు.

"పడవలు పైకి లాగేస్తారా?"

"లాగక చస్తామా! నీ నోటి చలవ!"

"అన్నీనా?"

"అన్నీ!"

"మంచిది" అని, మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

"నీ నోరు పడిపోను!" అంటూ కెజియా గుప్పెడు ఆల్చిప్పలు తీసి అతని వీపుకేసి కొట్టింది.

పడవలన్నీ ఒడ్డెక్కాయి. జేబెజ్ ఇంట్లో కూర్చోలేక, రేవులో నిలబడలేక కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"చూడు, ఎలాంటి ఎండ కాస్తోందో! ఈపాటికి పడవ నిండేది" అని కనిపించినవాడికల్లా చెప్పాడు. చెప్పినకొద్దీ కోపం పెరిగింది. ఇంకో రెండు తగిలించి ఉండాల్సింది అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఈశాన్యం నల్లబడింది. చూస్తూండగానే గాలి లేచింది. అలలు రేవు గోడ దాటి వీధిలోకొచ్చాయి. ఇళ్లమీది పెంకులు లేచిపోయాయి. పక్కరేవు నుంచి పొద్దున వెళ్లిన రెండు పడవలు ఇక రాలేదు.

"అన్నా, ఆ మాట మన చెవిన పడబట్టి గానీ, లేకపోతే..." అన్నాడు ఆమోస్.

జేబెజ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ముసలాయన మొదట అన్నది ఆ మాట కాదు. ముందు ఆకాశం బాగాలేదన్నాడు. విన్నవాడు లేడు.

వానలోనే సత్రానికి పరుగెత్తాడు.

"ఆ ముసలాయన ఏడి మార్తా?"

"మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. నిన్న బస్సు తప్పిపోయి రాత్రికి ఇక్కడ దిగాడు, పాపం. మూతి వాచిపోయి టీ కూడా తాగలేకపోయాడు. ఏ వెధవ కొట్టాడో, వాడి చెయ్యి విరగ!" అంది సత్రం నడిపే మార్తా.

"నేనే. రేవులో ఆ మాట అన్నాడని."

మార్తా అతణ్ణి కిందికీ పైకీ చూసింది.

"ఆయనెవరో తెలిసే కొట్టావా?"

"పట్నం మనిషనుకున్నా."

"పట్నమా, నీ మొహమా! స్కార్‌బెక్ రేవు ఎడ్విన్ థోర్ప్. ఇలాగే తెల్లటి ఎండ కాసిన పొద్దున, ఎవరొద్దన్నా వినక ముగ్గురు కొడుకుల్నీ పడవెక్కించుకుపోయి, ఒక్కడే తిరిగొచ్చిన మనిషి."

మార్తా కోపం ఇంకా తీరలేదు.

"పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఒక్కసారి కూడా నోట పలకలేదట. నిన్న వడ్డిస్తూ మా పనిపిల్ల నోరుజారి అంటే, చేతిలో రొట్టె వదిలేసి, వణుక్కుంటూ వెళ్లి మండే పొయ్యి ఇనుమే పట్టుకున్నాడయ్యా ఆయన!"