కేసరి పాలు

“నీ కూతురూ వద్దు, ఆ నల్లపిల్లా వద్దు. ఈడనే పెట్టుకో!”

చింతామణి ఊరి బస్సు దిగి వచ్చిన వియ్యపురాలు లక్ష్మీదేవమ్మ చెప్పులైనా విడవకుండా వాకిట్లోనే అందుకుంది. వెనకాల ఆమె కొడుకు నాగరాజ్ పళ్ల సంచి పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. పెళ్లాం పురిటి మంచం మీదుంటే చూడటానికొచ్చిన మొగుడి వాలకం అది!

కెంపమ్మ చేట పక్కన పెట్టి లేచింది. చేట నిండా పూలరేకులు ఆరుతున్నాయి. చూడటానికి చెండుపూలే గానీ ఆ ఘాటు వాసన ఉండదు. బాగేపల్లిలో తోటల ఆఫీసు వాళ్లు విత్తనాలిచ్చినప్పుడు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు. అది నోరు తిరక్క ‘తినే చెండుపూలు’ అని తనే ఓ పేరు పెట్టేసుకుంది. రేకులు తుంచి చిత్రాన్నంలో వేస్తుంది, కేసరిబాత్‌లో వేస్తుంది. ఆ ఇంట్లో రంగుపొడి కొని ఎన్నాళ్లయిందో!

“ఏమైంది వదినా? లోపలికి రా, ముందు నీళ్లు తాగు.”

“నీ నీళ్లు ఎవురికి కావల్ల? ముందు నీ కేసరి యవ్వారం తేలాల!” లక్ష్మీదేవమ్మ సంచిలోంచి చిన్న కుంకుమపువ్వు డబ్బీ తీసింది. “కడుపుతో ఉండే కోడలికి పాలల్లో వేసిమ్మని నువ్వు పంపిన కేసరి ఇదేనా?”

“ఆ డబ్బీనే. మీరు అడిగినారని బెంగళూరు నించి తెప్పిచ్చి పంపినా.”

“బెంగళూరుదో, నీ పెరట్లోదో ఇప్పుడే చూపిస్తా ఉండు.”

అరుగు మీదున్న గిన్నెలో నీళ్లు పోసి, డబ్బీ అందులో బోర్లించింది. “కేసరి నీళ్లలో వేస్తే పోగు పోగుగానే ఉండాల. ఇది చూడు, ఎట్ల విచ్చుకుంటాండాదో!”

కెంపమ్మ వంగి చూసింది. ఎండి ముడుచుకున్నవి నీళ్లు తాగి వెడల్పయ్యాయి. కొసన చిన్న చిన్న పళ్లున్న పచ్చటి రేకులు. రోజూ తన చేత్తో తుంచే రేకులే!

“బిడ్డ మీద ఆన వదినా. నేను పంపింది ఇది కాదు.”

“సిగ్గులేదా, పసిదాని మీద ఆన పెట్టను? దినామూ నా కళ్లెదురుగా కూచోబెట్టి తాగిచ్చినానే! పాలు పచ్చగా ఉంటే నిజమనుకుంటి. నువ్వు గడ్డీ గాదం పంపినావు కాబట్టే తారుడబ్బా మాదిరి పుట్టింది!”

“మాట జారొద్దు వదినా!”

కెంపమ్మకు ఒళ్లు మండిపోయింది. పొత్తిళ్లలో బిడ్డనా ఆ మాట అనేది? ఈమెను రెక్క పట్టి బయటికి ఈడ్చేస్తే తప్ప కడుపు చల్లబడదు. కానీ కూతురి కాపురం కళ్లముందు మెదిలి, నోటి దాకా వచ్చిన తిట్లన్నీ మింగేసింది. మింగాల్సి వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“నాగరాజప్పా, నువ్వన్నా చెప్పు.”

“అమ్మ చెప్తాండాది కదత్తా...” అని గొణిగాడు నాగరాజ్. ఆ చేట ఎత్తి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది కెంపమ్మకు.

“ఒకే మాట!” లక్ష్మీదేవమ్మ వేలు చూపించింది. “దొంగ కేసరి పంపి మోసం చేసినానని పదిమంది ముందర ఒప్పుకో. అట్లయితేనే కోడల్ని పిల్చుకపోతా. లేదంటే నా కొడుక్కి వేరే సంబంధం చూసుకుంటా.”

నాగరాజ్ తల దించుకున్నాడే గానీ కాదనలేదు. ఇంక వాడి మీద ఆశ పెట్టుకుని లాభం లేదు. చెయ్యని తప్పుకు తలొంచడమంటే కెంపమ్మకు ప్రాణం పోయినట్టుంది. అయినా పళ్లు కొరుక్కుని రెండు చేతులూ జోడించింది.

“సరే వదినా. తప్పు నాదే...”

“అమ్మా! ఆ చేతులు దించు!”

గడపలో కూతురు భాను. చెవులకు గుడ్డ కట్టుకుని, భుజం మీద పసిదాన్ని వేసుకుని నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మ పంపింది అసలు కేసరే. చిత్రాన్నంలో వేసుకోమని ఇంకో పొట్లంలో ఈ రేకులు ఇచ్చింది. డబ్బీలో కేసరి తీసేసి ఈ రేకులు పెట్టింది నేనే.”

“అయ్యో, ఎంత పని చేసినావే!” అమ్మా, అత్తా ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

లక్ష్మీదేవమ్మకు కోపంతో మాట తడబడింది. “మరి... మరి అసలు కేసరి ఏం చేసినావే? యాడ పారబోసినావు?”

“పారబొయ్యలేదత్తా. దినామూ రాత్రి మీరు తాగే పసుపు పాలల్లోనే కలిపిచ్చినా. లోపల అద్దం ఉండాది, పోయి చూసుకోండి, ఏమన్నా తెల్లబడినారా?”