రెండడుగుల గెంతు

“ఆ వెనక్కి గెంతే చోటు ఇంకోసారి వాయించండి మాస్టారూ,” అంటూ, బ్యాండు పాటల మీద పరిశోధనకు వచ్చిన సుష్మ ఫోన్ ముందుకు జరిపింది.

బ్యాండు మాస్టరు గాళెప్ప క్లారినెట్ అందుకున్నాడు. పాట జోరుగా పోయి పోయి, నడుమ ఠక్కున తెగి, వెనక్కి గెంతి, అదే ముక్క మళ్లీ పట్టుకుంది. నలభై ఏళ్లుగా బళ్లారి చుట్టుపక్కల ఏ పెళ్లి మెరవణిలోనైనా ఈ చోటు వస్తే, పెళ్లికొడుకు గుర్రంతో సహా అందరూ రెండడుగులు వెనక్కి గెంతాల్సిందే.

“ఈ పాట అమెరికావాళ్ల జాజ్-ఫంక్ ఆల్బంలోది. ప్రపంచమంతా ఇప్పటికీ వింటోంది. కానీ వాళ్ల దాంట్లో ఈ గెంతు లేదు.”

“లేదా? పాపం, వాళ్లకు తోచలేదేమో!”

“ఇది మీ సొంతమని తేలితే బెంగళూరులో మా కాలేజీలో మీ బ్యాండు కచేరీ, మీకు శాలువా. లేదంటే మా ప్రిన్సిపాల్ ఒప్పుకోరు.”

గాళెప్ప క్లారినెట్ పక్కన పెట్టి ముందుకు జరిగాడు. డీజేలు వచ్చాక బ్రూస్‌పేటలో ఆయన బ్యాండును పిలిచే దిక్కు లేదు. ఆరుగురిలో నలుగురు ఆటోలు తోలుకుంటున్నారు. పెద్ద డోలులో కోడి గుడ్లు పెడుతోంది.

బొరుగుల ఒగ్గరణెకు ఉల్లిగడ్డలు తరుగుతున్న భార్య శరణమ్మ కిసుక్కున నవ్వింది.

“ఏంది నవ్వు? పాపకు నీళ్లియ్యి.”

శరణమ్మ కడవ మీది నల్ల మూత జరిపి లోటాతో నీళ్లిచ్చింది.

“మరి ఈ గెంతు మీకెలా తోచింది?”

“చోరనూరు గుట్టలో ఎలుగుబంటి ఎదురొచ్చె తల్లీ. నేను ఊదుడు ఆపలే. అది రెండడుగులు ముందుకేస్తే, నేను రెండడుగులు వెనక్కి. పొద్దు గూకేదాకా ఇద్దరం అదే ఆట!”

“నిజంగానా?”

“నమ్మకుంటే పోయి ఎలుగునే అడుగు. ఇంకా ఆడనే ఉండాది.”

సుష్మ పగలబడి నవ్వింది. “మీరు విన్న రికార్డు చూపిస్తారా?”

“హంపీకొచ్చిన దొర ఒకడు నా డోలు తీసుకొని, బదులు ఆ రికార్డు ఇచ్చిపాయె. ఇప్పుడు యాడుండాదో!”

“పోనీలెండి. ఈ గెంతు ఇంకెవరూ వాయించలేదు. మీదేనని రాస్తాను.”

ఆమె ఎక్కిన ఆటో సందు మలుపు తిరిగింది. గాళెప్ప మీసం దువ్వాడు.

“చూస్తివా? శాలువా కప్పుతారంట నాకు!”

శరణమ్మ కడవ మీది నల్ల మూత ఎత్తి, నడిమి బెజ్జం పక్కన సన్న గీతల మీద పడిన కత్తిగాటును కొంగుతో తుడిచింది.

“ఈ రికార్డు మీద ఉల్లిగడ్డలు కోసి ముల్లును గెంతించింది నేను, శాలువా నాకే.”