రెండు ఊళ్ల నడుమ వంతెన

ముత్తక్క సర్దిన సంచిని వాళ్లమ్మ వెంకటవ్వ మూడోసారి విప్పింది.

చింతకాయ తొక్కు సీసాను చీరల నడుమనుంచి తీసి అటుకుల మూటలో దాచింది. ఏడు సముద్రాల అవతల సీసా పగిలితే బిడ్డ ఏం తింటుందని ఆమె బెంగ.

"సముద్రంల కాదే అమ్మా, విమానంల పోతం."

"మీదికెళ్లి పడితే ఇంకా పగులుతది," అంది వెంకటవ్వ.

ముత్తక్క జిమల్‌గట్టలో అడవి ఊళ్ల ఆడపిల్లల హాస్టలు చూసుకుంటుంది. భామ్రాగడ్ వైపు పిల్లలు ఎనిమిది మంది బుడాపెస్ట్ అనే పట్నంలో తమ అడవి జనం రేల పాటలు పాడి ఆడబోతున్నారు. తోడుగా ఒక ఆడమనిషి ఉండాల్సిందేనని ఆఖర్లో కాగితం వస్తే, జాబితాలో ఎవరిదో పేరు కొట్టేసి ముత్తక్క పేరు ఎక్కించారు.

పిల్లలు వాన ముదరకముందే ఆష్టి మీదుగా బల్లార్ష చేరారు. తల్లిని చూసి పోదామని సిరొంచ వచ్చిన ముత్తక్క ఇక్కడ చిక్కుకుంది. వాగులు పొంగి అహేరి రోడ్డు తెగింది. ఇక ఒకటే దారి. ప్రాణహిత దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల పోయి రైలెక్కాలి. తెల్లారేసరికి ఆమె బల్లార్షలో దిగకపోతే పిల్లల్ని వెనక్కి పంపేస్తారు.

రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి.

ముత్తక్క ఎంత బతిమాలినా పడవ కిష్టన్న కదలలేదు.

"నీకు ఆ పట్నం చూడాలని ఉన్నదక్కా. నాకు రేపు నా పిల్లల మొకం చూడాలని ఉన్నది."

రేవు మెట్ల మీద రెండు రోజులుగా కూర్చున్న ఒక మనిషి లేచి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. అడవి మనిషి. కిష్టన్నను పక్కకు తీసుకుపోయి చాలాసేపు మాట్లాడాడు. కిష్టన్న తల అడ్డంగా ఊపాడు, నది వైపు చూశాడు, చివరికి తన పాత దోనె తాడు విప్పి ఇచ్చాడు.

ముత్తక్క దోనెలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. నీళ్లు దోనెను దూడను గుంజినట్టు గుంజుతున్నాయి.

"ఏ ఊరికి బాయీ?" అన్నాడతను తెడ్డు వేస్తూ.

భయం మరవడానికి ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆట ఒక్క దినమే, మిగిలిన మూడు దినాలు ఊరు చూడడానికే. గ్రంథాలయంలో పుస్తకం చూసి ఏ దినం ఏం చూడాలో కాగితం మీద రాసుకుంది. తీసి చదివింది. ఒక దినం గుట్ట మీది కోట. ఒక దినం వేడినీళ్ల బుగ్గలు, అందులో ఊరంతా కలిసి స్నానం చేస్తారట. అతను నవ్వాడు.

"అన్నిటికంటే ముందు వంతెన. రాయి సింహాలు కాపలా ఉంటయట. ఇటు ఒడ్డు బుడా, అటు ఒడ్డు పెస్ట్. వంతెన పడ్డంక రెండూ ఒక్క ఊరైనయి," అంది ముత్తక్క.

తెడ్డు ఆగింది. దోనె గిర్రున తిరగబోయింది. అతను సర్దుకున్నాడు.

"ఇంత నది మీదనా?"

"ఇంత నదే."

అతను వెనక్కి సిరొంచ వైపు, ముందుకు అవతలి ఒడ్డు వైపు చూశాడు. గుడిలో దేవుణ్ని చూసినట్టు చూశాడు.

"మరి పడవలోల్లు ఏమైండ్రు?"

పుస్తకంలో అది లేదు.

"అడిగి రా బాయీ. నాకు చెప్పాలె. పిల్లలను చేతులు పట్టించి నడిపియ్యి. నడుమల నిలవెట్టి కిందికి చూపియ్యి."

"నాకు నేర్పుతున్నవా? వాళ్లను సాకేది నేను," అంది ముత్తక్క చిరాగ్గా.

అతను తల వంచుకుని తెడ్డు వేశాడు.

ఒడ్డు చేరాక కిరాయి ఇస్తే తీసుకోలేదు. ఈ పూటకు ఇక్కడే ఉండమంది. రేపటికి నీళ్లు ఇంకా పెరుగుతాయని, కిష్టన్నకు మాట ఇచ్చానని దోనె తిప్పాడు. బస్సు తప్పుతుందని ముత్తక్క పరుగెత్తింది. పేరు అడగలేదు.

బుడాపెస్ట్‌లో వంతెన ఎక్కగానే ఎనిమిది మంది పిల్లలూ తమంతట తామే చేతులు పట్టుకున్నారు.

రాయి సింహాల నోళ్ల ముందు రాజుబాయి అనే చిన్నపిల్ల దండం పెట్టింది. నడిమధ్యకు పోయి కిందికి చూస్తే డాన్యూబ్ నది రెండు ఊళ్లనూ మోస్తున్నట్టు పారుతోంది. అంత రాయి, అంత ఇనుము, అంత నీరు. మనుషులేమో సంతకు పోయినట్టు ఇటునుంచి అటు నడిచిపోతున్నారు. ముత్తక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పడవలోల్లు ఏమయ్యారని వెంట ఉన్న దుబాసీని అడిగింది. ఇంతవరకు ఈ మాట ఎవరూ అడగలేదని అతను నవ్వి, వేలు కిందికి చూపించాడు. జనాన్ని ఎక్కించుకుని తెల్లటి పడవలు వంతెన కిందుగా పోతున్నాయి.

ముత్తక్క ఆ జవాబును సిరొంచ దాకా మోసుకొచ్చింది.

రేవులో కిష్టన్న ఒక్కడే ఉన్నాడు.

"నన్ను దాటించినాయన ఏడి? ఒక మాట చెప్పాలె."

కిష్టన్న చేతిలో తాడు కింద పెట్టాడు.

"నా దోనె గోదారి సంగమం కాడ బోర్లపడి దొరికిందక్కా. మనిషి దొరకలే."

"నీ తాన పనిచేసేటాయననా?"

"ఆయన పడవోడే కాదక్కా. నువ్వు దాటుతవో లేదో చూద్దామనే రెండు దినాలు మెట్ల మీద కూసున్నడు. నువ్వు దాటకుంటే పిల్లలు పోరని, దోనె కోసం ఆ దినం నా కాళ్లు పట్టుకున్నడు. సంగతంతా అప్పుడే చెప్పిండు. నీకు చెప్పొద్దన్నడు."

ఆ పిల్లలకు వాళ్ల ఊళ్లల్లోనే ఆట నేర్పిన భామ్రాగడ్ సోము, ముత్తక్క పేరు రాయడానికి జాబితాలో ఎవరి పేరు కొట్టేశారో ఆ సోము, 1986 ఆగస్టు పన్నెండున ప్రాణహితలోకి ఒంటరిగా మళ్లాడు, తిరిగి రాలేదు.