భూదేవి ఇడ్లీ

ధనుంజయ్ తన హోటల్ ప్రహరీ మీంచి మళ్లీ తొంగి చూశాడు. గోడకు అవతల పల్లంలో పచ్చయమ్మ రేకుల కొట్టు. దాని ముందు ఇవాళ కూడా జాతరే.

సూళగిరి దాటాక హైవే పక్కన ఇన్ని హోటళ్లున్నా జనమంతా అక్కడికే ఎగబడుతున్నారు. అక్కడ గ్యాసు లేదు, కట్టెలు లేవు. కొట్టు వెనక బండ సందులోంచి బుసబుసమంటూ ఆవిరి వస్తుంది. పచ్చయమ్మ దాని మీద ఇడ్లీ పాత్ర పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, మూత తీస్తుంది. భూదేవి ఇడ్లీ అని పేరు కూడా పెట్టుకుంది. లారీ డ్రైవర్లు వస్తారు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు వస్తారు. ఆదివారమైతే బెంగళూరు నుంచి బైకుల మీద వచ్చి, ఆవిరితో సెల్ఫీలు దిగి మరీ తింటారు.

ధనుంజయ్ హోటల్లో ఏసీ ఉంది. అద్దాల వంటిల్లు ఉంది. పోయినేడు పెద్ద బాయిలర్ పెట్టించాడు. మురుగూ ఆవిరీ ఏదీ గిరాకీ కంట పడకూడదని అన్నిటికీ గొట్టాలేసి భూమిలోకి దింపించాడు. ఇప్పుడు గిరాకీయే కంట పడటం లేదు. సర్వర్లు ఈగలు తోలుకుంటున్నారు.

వాళ్ల నాయన టీ అంగడితో మొదలుపెట్టిన హోటల్ అది. తన చేతుల మీదుగా మూతపడుతుందేమోనన్న దిగులుతో అతనికి తిండి సయించడం లేదు.

ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంది. అతని హోటల్‌కి అమావాస్య సెలవు. పచ్చయమ్మ కూడా సరిగ్గా ఆ రోజే కొట్టు మూస్తుంది.

“సెలవు కూడా నన్ను చూసే కాపీ కొట్టల్నా?” అని ఒకసారి అడిగేశాడు.

“నేనేం చేసేదప్పా,” అంది ఆమె చట్నీ కలుపుతూ. “అమావాస్య నాడు భూదేవి కూడా పని చెయ్యదు.”

ఇక లాభం లేదని, తెలిసిన ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ మునిరాజ్‌ను కొట్టుకు తీసుకెళ్లాడు. మునిరాజ్ నాలుగిడ్లీలు తిని, బండ సందులో థర్మామీటర్ పెట్టి చూసి నోరెళ్లబెట్టాడు.

“ఇది జియోథర్మల్ అన్నా. భూమి అడుగున రాయి కాగతా ఉంటాది. ఆ వేడితో కొన్ని దేశాల్లో ఇండ్లు వెచ్చగా పెట్టుకుంటారు, కరెంటు కూడా తీస్తారు. మన పక్క ఉందని నేను యాడా చదవలేదు.”

“ఆమె కింద ఉంటే నా కింద ఉండదా?”

“బోరు దింపి చూడాల్సిందే.”

దింపించాడు. రిగ్గు లారీ పెరడంతా దుమ్ము రేపింది. ఉన్న కాస్త గిరాకీ దుమ్ముకు జడిసి గోడ అవతలికి పోయింది. చివరికి నీళ్లు పడ్డాయి. ఇంకొకరైతే బోరుకు హారతి పట్టేవాళ్లు. ధనుంజయ్ చెయ్యి పెట్టి చూశాడు. జిల్లుమన్నాయి. అతనికి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం గోడ దగ్గర పచ్చయమ్మ పలకరించింది.

“మంచి నీళ్లు పడినాయంట కదప్పా.”

ఎగతాళేమో అనుకున్నాడు. కాదు, ఆమె మొహంలో నిజంగానే సంతోషం ఉంది.

“నీకు భూదేవే తోడుండాది పచ్చయమ్మా. నాకుండేది బాయిలరే. నేను ఓడిపోయినాను. రేపట్నుంచి హోటల్ తెరిచేది లేదు.”

పచ్చయమ్మ మొహం వాడిపోయింది. “అంత మాట అనొద్దప్పా. ఇంకా కొన్నాళ్లు నడుపు. నా గిరాకీలో సగం మందిని నేనే నీ తావుకు పంపిస్తాను.”

పోటీకొచ్చిన మనిషికి ఇంత మంచి మనసా అని ధనుంజయ్ కళ్లు చెమర్చాయి. కానీ అతని మనసు విరిగిపోయింది. పనివాళ్లను ఇళ్లకు పంపేశాడు. బాయిలర్ చూసే ఏళుమలై చేత దాన్ని ఆర్పించి, హోటల్‌కి తాళం వేశాడు.

తెల్లారగానే ఇంటి తలుపు దబదబా మోగింది. తీస్తే పచ్చయమ్మ. చంకలో పిండి గిన్నె, వెనక ఆకలి మీదున్న బెంగళూరు బైకులవాళ్లు.

“నీకు పుణ్యముంటాదప్పా, ఒక్క గంట ఆ బాయిలర్ ముట్టించు, నిన్న నువ్వు ఆర్పినప్పట్నుంచి నా భూదేవి చల్లారిపోయింది.”