మడి నేర్చిన ఓడ

"ఓడకి ఒక్క జత చాలత్తయ్యా! ఉతికి మడతపెట్టే మరమనిషి గదికొకటి ఉంది," అంటూ కోడలు హైమవతి పెట్టె సగం ఖాళీ చేసేసింది.

తీరా ఓడెక్కాక, ఉతికిన మడిచీర అందుకోబోయిన మరమనిషిని శేషారత్నమ్మ కసిరింది.

"ముట్టుకోకు! స్నానం చేశావా?"

"చెయ్యాలాండీ?"

"స్నానం చెయ్యనివాళ్లు ఉతికిన బట్ట తాకకూడదు."

మరమనిషి బుద్ధిగా తలూపి, కొత్తగా నేర్చుకున్న ముక్కని అలవాటు ప్రకారం ఓడలోని తోటి మరమనుషులందరికీ చేరవేసింది.

మర్నాడు పొద్దున్నే కెప్టెన్ తువ్వాలు చుట్టుకుని వరండాలో తన మరమనిషిని బతిమాలుతున్నాడు.

"డ్యూటీకి వేళైపోతోంది, యూనిఫాం ఇవ్వవయ్యా!"

"ముందు స్నానం. నేనైతే చేసేశాను," అంది అది, బట్టలు అందకుండా ఎత్తిపట్టుకుని.

అప్పుడే మడిచీర కట్టుకుని అటుగా వచ్చిన శేషారత్నమ్మ కొంగు దగ్గరికి లాక్కుంది.

"కాస్త పక్కకి జరుగు నాయనా, తగిలేవు!"