సామాన్ల గది గడియ

ఆగండి. చేతిలో పని ఒక్క నిమిషం పక్కన పెట్టి ఇది వినండి. ఎందుకంటే ఇప్పుడు ఉదయం ఏడు, ఆమె సామాన్ల గదిలో ఉంది, తలుపు తెరుచుకోవడం లేదు. ఎనిమిదికల్లా బట్టల ఫ్యాక్టరీలో ఉండాలి. ఇన్నేళ్లూ మిషన్ మీద కుట్టిన మనిషికి కటింగ్ మాస్టర్‌ అయ్యే పరీక్ష ఇవాళే. ఎనిమిది దాటితే గేటు వేసేస్తారు, ఇక అంతే సంగతులు.

"ఏమండీ, తలుపు బిగుసుకుపోయింది. కాస్త అటునుంచి లాగండి."

ఎవరూ పలకలేదు. పలకరు కూడా. అది ఆమె చేజేతులా చేసుకున్నదే. పరీక్ష పేరెత్తితే గుండె దడ వస్తోందని డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. పొద్దున్నే అరగంట ఒంటరిగా కూర్చోవాలి. వేడినీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆ వెచ్చదనాన్ని వేళ్లకి ఎక్కనివ్వాలి. ఆ తర్వాత కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి, చెవిన పడేవి, ముక్కుకి తెలిసేవి ఒక్కొక్కటే నెమ్మదిగా గమనించుకోవాలి. మొదటి వారమంతా లోపల కూర్చుని, స్టవ్ ఆపారా, చిట్టి సాక్సులు దొరికాయా అని రెండు నిమిషాలకోసారి కేకేసేది. చివరికి తన మీద తనకే విసుగొచ్చి, నేను ఎంత అరిచినా ఎవరూ పలకొద్దని మొగుడి చేతా కూతురి చేతా ఒట్టు వేయించింది.

ఆమె తలుపు మీద దబదబా బాదింది.

"నాన్నా, అమ్మ తలుపు తియ్యమంటోంది."

"పలకొద్దన్నది అమ్మే కదా చిట్టీ. ఒట్టేశావా లేదా?"

"వేశాను. కానీ ఏడుస్తున్నట్టుంది."

"అది మనసులో బరువు దిగడం. నడు నడు, వ్యాన్ వచ్చేస్తుంది."

చెప్పుల చప్పుడు దూరమైంది. కాసేపటికి ఒక జత చెప్పులు మాత్రం తిరిగొచ్చాయి. ఆమె మళ్లీ పిలిచింది, బతిమాలింది, ఒట్టు తీసి గట్టున పెట్టానంది. ఫోనేమో వంటింట్లో ఛార్జింగులో ఉంది. కిటికీ లేని గది. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, గాలి అయిపోతున్నట్టు అనిపించి ఒళ్లంతా చెమటలు పట్టాయి.

ఇక చేసేదేం లేక కూర్చుంది. చల్లారిన గ్లాసే పట్టుకుంది. పాత సూట్‌కేసు, విరిగిన ఫ్యాన్ రెక్క, తలుపు కింద సన్నటి వెలుతురు గీత. ఊపిరి కాస్త దారికొచ్చింది. చేత్తో తలుపు తడిమింది. కింద కదులుతోంది, మధ్యలో కదులుతోంది, పైన మాత్రం బిర్రుగా ఉంది. బయట పైన ఒక గడియ ఉంది కానీ, తుప్పు పట్టి చచ్చింది. దాన్ని కదిపితే పక్కింటివాళ్లు కూడా లేచేంత కీచుమంటుంది. ఇవాళ ఆ కీచు లేదు. అంటే గడియ కాదు, చెక్కే ఉబ్బి ఉంటుంది. చెవులు రిక్కించింది. గోడ గడియారం. అవతల తీరిగ్గా పేపరు తిప్పుతున్న చప్పుడు. గట్టిగా గాలి పీల్చింది. దుమ్ము వాసన. దాని వెనకే మిషన్ ఆయిల్ వాసన. తన చేతులేమో అని వాసన చూసుకుంది. ఉత్త సబ్బు వాసన. కుట్టుమిషన్ ముందుగదిలో కదా ఉంది అనుకుంది, అంతలో గడియారం ఎనిమిది కొట్టింది. ఆ ఆలోచన అక్కడే తెగిపోయింది.

ఎనిమిదీ పదికి తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు, చప్పుడు లేకుండా తెరుచుకుంది.

"అయ్యో, నిజంగానే బిగుసుకుందా? నేనింకా నీ ప్రాక్టీసే అనుకున్నా." భర్త గడప మీదే నిలబడ్డాడు. ఏదైనా మన మంచికేనన్నాడు, ఆ మాస్టర్ ఉద్యోగమంటే రోజూ తలనొప్పేనన్నాడు. దగ్గరికొచ్చి బొటనవేలితో ఆమె చెంప మీద కన్నీళ్లు తుడిచాడు. "ఇప్పుడు మనసు తేలికపడిందా?"

ఆ వేలికి మిషన్ ఆయిల్ వాసన. ఆమె తలెత్తి చూసింది. ఇన్నేళ్ల తుప్పు గడియ నూనెతో నిగనిగలాడుతోంది.

మీరైతే ఏమని జవాబిస్తారు?