మన ఓడ

"చస్తే ఈడనే చస్త గానీ, మీ ఓడ ఎక్క!"

చేపల పడవలో మోకాళ్ల దాకా నీళ్లు. అందులో నిలబడి, పక్కచెక్కను రెండు చేతులా పట్టుకుని అరుస్తున్నాడు పోచన్న. ఇంజన్ ఎప్పుడో ఆగిపోయింది. ఒమాన్ తీరం కనుచూపు మేరలో లేదు.

రబ్బరు పడవలోంచి అతనికి తాడు విసిరి విసిరి ఓబులేసు రెక్కలు పీకుతున్నాయి. వెనకాల భారత నౌకాదళం గస్తీ ఓడ ఆగి ఉంది. వారాల తరబడి అదే సముద్రంలో తిరిగి తిరిగి ఓడలో అందరి ముఖాలూ పీక్కుపోయాయి. ఈ మనిషి తెలుగులో అరుస్తున్నాడని, డ్యూటీ దిగి పడుకున్న కడపవాడు ఓబులేసును లేపి మరీ పంపారు.

"అన్నా, ఇది మన ఓడే. ఆ జెండా చూడు."

పోచన్న చూశాడు.

"మనదేనా? గట్లయితే ఒక్కటి చెప్పు తమ్మీ. నన్ను మళ్ల ఒమాన్‌ల ఆ ఖబూరా తోటల దించుతరా?"

"తోట ఎవురిది?"

"వీసా ఇచ్చిన కఫీల్‌ది. పాస్‌పోర్ట్ గుంజుకున్నడు. ఇంటికి పోతనంటే కొడ్తడు. అందుకే ఈ పడవ ఎత్తుకచ్చిన, ముంబయి దాంక పోదామని."

అల ఒకటి కొట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. ఓబులేసు భుజానున్న వాకీటాకీలో ఆఫీసర్ గొంతు: "జల్దీ!"

"చెప్పు తమ్మీ, మీ ఓడ ఏడికి పోతది?"

ఓబులేసు అతని కళ్లలోకి చూడకుండా తాడు మళ్లీ విసిరాడు.

"ఇండియాకే పోతాదన్నా. దా, ఎక్కు."

పోచన్న చెక్క వదిలి తాడు అందుకున్నాడు. అతను రబ్బరు పడవలో పడ్డాడో లేదో, వెనక చేపల పడవ చప్పుడు లేకుండా మునిగిపోయింది.

ఓడలో డాక్టరు పుళ్లు పడ్డ కాళ్లకు కట్లు కట్టాడు. పప్పన్నం పెడితే కలుపుకుంటూ ఏడ్చాడు పోచన్న. "నీ కడుపు సల్లగుండ తమ్మీ" అని, ఓబులేసు పరుపు మీదే వాలి గురక పెట్టాడు. అంత అలసిపోయీ ఓబులేసుకు మాత్రం కన్ను మూతపడలేదు.

తెల్లారాక ఇంజన్ల మోత తగ్గింది. పోచన్న గబగబా మొహం కడుక్కుని, ఎవరినో దువ్వెన అడిగి తల దువ్వుకుని, కుంటుకుంటూ పైకి వచ్చాడు. రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ ఓబులేసు వెనక్కి తిరగలేదు.

"అప్పుడే అచ్చినమా తమ్మీ? పెద్ద ఓడ పెద్ద ఓడే!"

ఎదురుగా, బోడి రాతికొండల నడుమ, మస్కట్ రేవు.